అంతయ్య తాత ఎదురొస్తే

మా పక్కింటి అంతయ్య తాత ఇల్లు అమ్ముడుపోయిన రోజు మా గల్లీలో సగం ఊరు నిలబడింది. ఇల్లు చూడడానికి కాదు. గూన పెంకులు, మట్టి గోడలు, ముందర కూర్చునే గద్దె, వెనక గొడ్ల కొట్టం ఉన్న ఆ ఇల్లు అందరూ ఎరిగిందే. వాళ్లంతా వచ్చింది తాత కూతురు బాలలక్ష్మక్క రిజిస్ట్రేషన్ కోసం గడప దాటి ఎట్లా బయలుదేరుతుందో చూడడానికి. తాత బతికున్నన్నాళ్లు మా ఊళ్లో ఎవరు ఏ పని మీద బయలుదేరినా ఆయన ఎదురు రావాల్సిందే. ఇప్పుడు ఆయన ఇల్లు అమ్మడానికే బయలుదేరాలి. ఎదురు రావడానికి మాత్రం ఆయన లేడు.

ఎదురు రావడం అంటే వేరే ఏమీ కాదు. మనిషి పని మీద ఇంట్లోంచి అడుగు బయట పెట్టగానే తొవ్వలో మొదట కనిపించే ముఖం మంచిదైతే ఆ పని అవుతుందనీ, కాకపోతే కాదనీ మా దిక్కు నమ్మకం. నిండు బిందెతో ముత్తైదువ వస్తే మంచిది. పిల్లి వస్తే కాదు. ఎవరైనా తుమ్మితే వెనక్కి పోయి, కూర్చొని, మంచినీళ్లు తాగి మళ్లీ బయలుదేరాలి. భర్త పోయిన ఆడమనిషి ఎదురొస్తే ఆ రోజుకు ప్రయాణమే మానుకునేవాళ్లు ఉన్నారు. ఇన్ని చిక్కులున్నాయి కాబట్టి తెలివైనవాళ్లు మంచి ముఖాన్ని ముందు రోజే మాట్లాడి పెట్టుకుంటారు. మా ఊరికి ఆ మంచి ముఖం అంతయ్య తాతది.

మొదలైంది 1969లో. తాత బెల్లంపల్లి బొగ్గుబాయిలో పడుచుతనం నుంచీ పనిచేసి, "ఇగ సాలు, మిగిలిన దినాలన్న ఎండ సూస్త" అని ఊరికి తిరిగొచ్చాడు. అప్పటికే భార్య లేదు. ఒక్కతే కూతురు, ఆమెకు అక్కడే బాయి పని చేసే కొమురయ్యతో పెళ్లి చేశాడు. ఆ ఏడాది తెలంగాణ లొల్లి జోరుగా నడుస్తోంది. బస్సు వచ్చిన రోజు వచ్చినట్టు, రాని రోజు రానట్టు. మా బాపు వేములవాడ దగ్గరి ఊరికి పిల్లను చూడడానికని బయలుదేరి, బస్సు మీద ఆశ లేక కాళ్లీడ్చుకుంటూ గల్లీ మలుపు తిరిగాడు. నెత్తి మీద రేకు పెట్టెతో, ముఖం నిండా నవ్వుతో తాత ఎదురయ్యాడు. తాను దిగిన బస్సు ఇంకా ఊరి బయటే ఉంది, ఉరుకు అని బాపును తరిమాడు. బాపు ఉరికాడు, బస్సు దొరికింది, పిల్లను చూశాడు, పిల్లకు నచ్చాడు. ఆ పిల్ల మా అవ్వ.

బాపు ఈ సంగతి ఊరంతా చెప్పుకున్నాడు. తర్వాతి వారం మా ఎదురింటి బుచ్చవ్వ తప్పిపోయిన బర్రెను వెతకడానికి పోతుంటే తాత చెంబు పట్టుకొని చేను నుంచి వస్తూ కనిపించాడు. బర్రె ఊరి బయటి బడి వెనకే దొరికింది. బుచ్చవ్వ అంటే శకునాల విషయంలో మా ఊరి కోర్టు. ఆమె ఒక మాట అన్నదంటే దాని మీద అప్పీలు లేదు. అంతయ్య ముఖం మంచిదని ఆమె తేల్చేసింది. అంతే, తాతకు పని పడింది.

ఆయనకు ఈ నమ్మకం ఉందా అంటే లేదు. చాలాసార్లు అడిగాను. ఒక్కసారి మాత్రం నవ్వకుండా చెప్పాడు.

"మొఖంల ఏముంటదిర గంగాధర్. మనిషి ఇల్లిడిసి పోతుంటె ఒక మొఖం కనవడాలె. గంతే."

నమ్మకం లేకపోయినా పని మాత్రం బాయిలో షిఫ్టుకు పోయినట్టే చేసేవాడు. ఫస్టు బస్సు జగిత్యాలకు తెల్లారకముందే పోతుంది. తాత అంతకంటే ముందే లేచి, స్నానం చేసి, ఎర్ర రుమాలు తలకు చుట్టుకొని, చెంబు నిండా నీళ్లు పట్టుకొని గల్లీ మలుపు అవతల నిలబడేవాడు. ఎదురు రావడం ముందు మాట్లాడుకున్నదే అని అందరికీ తెలుసు. అయినా అనుకోకుండా కలిసినట్టు ఉండాలి, లేకుంటే ఫలం ఉండదని బుచ్చవ్వ తీర్పు. కాబట్టి బయలుదేరేవాళ్లు ఇంట్లోంచి గొంతు సవరించుకునేవాళ్లు, తాత అది విని మలుపు తిరిగేవాడు, ఇద్దరూ ఒకరినొకరు చూసి ఆశ్చర్యపోయేవాళ్లు. నాకు తెలిసి మా ఊళ్లో నాటకం వేయడం అందరికంటే బాగా వచ్చింది తాతకే.

ఒకే ఒక్కసారి ఆ నాటకం చెడింది. బుచ్చవ్వ పెద్దకొడుకు పెళ్లికి ఎడ్లబండ్ల మీద తర్లిపోతున్నారు. బయలుదేరేవాళ్లను ఎక్కడికి అని అడగకూడదు, అది అన్ని తప్పుల్లోకి పెద్ద తప్పు. తాతకు అది తెలియక కాదు. కానీ పిల్లవాడు పసుపు బట్టల్లో, బాసింగంతో, కళ్లకు కాటుకతో ముందు బండిలో మెరిసిపోతున్నాడు. తాత మలుపు తిరిగి వాణ్ని చూసి, సంతోషం పట్టలేక, ఎన్నో ఏళ్లుగా అలవాటైన మాట నోట్లోంచి జారవిడిచాడు.

"ఏడికిరా, గింత ముస్తాబైనవు?"

డప్పు ఆగిపోయింది. బుచ్చవ్వ బండిలోంచే రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. అన్ని బండ్లూ వెనక్కి తిరగాలి. మా గల్లీలో ఒక్క బండి తిరగడమే కష్టం. ఎడ్లను విప్పి, బండ్లను చేతులతో తిప్పి, అందరూ ఇంటికి పోయి, కూర్చొని, మంచినీళ్లు తాగి మళ్లీ బయలుదేరేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. పెళ్లివారి ఊళ్లో పెళ్లికూతురి తరఫువాళ్లు ఎదురుచూసి చూసి అన్నాలు తినేశారట. తాత ఆ రోజంతా ఇంట్లోంచి బయటికి రాలేదు. మర్నాడు బుచ్చవ్వ ముందు చేతులు కట్టుకొని నిలబడితే ఆమె తీర్పు చెప్పింది. ముఖం మంచిదే, నోరే మంచిది కాదు. ఇక మీదట ఎదురొచ్చేటప్పుడు నోరు తెరవొద్దు.

తాత ఒప్పుకున్నాడు. ఆనాటి నుంచి ఎదురొస్తే ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. ఒక దగ్గు దగ్గేవాడు, అంతే. బొగ్గుబాయి దగ్గు కదా, గల్లీ చివరిదాకా వినిపించేది. ఆ దగ్గు వింటే చాలు, బయలుదేరినవాళ్లకు ధైర్యం వచ్చేది. నోరు మూసుకోవడం ఆయనకు ఎంత కష్టమో మా ఇంటి నుంచి చూసిన మాకు తెలుసు. జనం బస్సెక్కి పోయాక గద్దె మీద కూర్చొని ఆపుకున్న మాటలన్నీ మాకు చెప్పేవాడు. వాడి అంగీకి గుండీలు తప్పు పెట్టుకున్నాడు, ఈమె పెట్టెకు తాళం వేయలేదు, ఆ పిల్ల ఏడుస్తోంది ఎందుకో కనుక్కోండి, అని.

ఆ గద్దె గురించి కూడా చెప్పాలి. బస్సు కోసం వచ్చినవాళ్లకు అదే స్టాండు. తాత పొయ్యి మీద పెద్ద గిన్నెలో చాయ్ ఎప్పుడూ ఉడుకుతూ ఉండేది. బెల్లం చాయ్, అల్లం దంచి వేసింది. బస్సు దూరంగా హారన్ కొడితే డ్రైవరుకు ఒక గ్లాసు చేతికిచ్చి, అది తాగేలోపు వెనక పడ్డవాళ్లు ఎక్కేలా చూసేవాడు. పొలానికి పోయేవాళ్లు ఇంటి తాళాలు తాత దగ్గరే పెట్టేవాళ్లు. దర్వాజ పక్కన మేకులకు ఊరి తాళాలన్నీ వేలాడుతుండేవి. ఏ తాళం ఎవరిదో ఆయనకు ఒక్కసారీ గుర్తుండేది కాదు. అన్నీ ఇచ్చి నీదేదో తీసుకో అనేవాడు. ఎవరిది వాళ్లే తీసుకునేవాళ్లు. ఎప్పుడూ తకరారు రాలేదు.

పని కానివాళ్లు వచ్చి నిలదీసినా తాత బాధపడేవాడు కాదు. అట్లాగా, అయితే ఇయ్యాల ముఖం సబ్బుతో కడగలేదేమో, రేపు మళ్లీ పో, లక్స్ సబ్బుతో కడుక్కొని వస్తాను అనేవాడు. వాళ్లు నవ్వి, మర్నాడు మళ్లీ పోయేవాళ్లు. చాలా పనులు రెండోసారికి అయ్యేవి. అది సబ్బు మహిమ అని తాత, మళ్లీ పోవడం మహిమ అని మా బాపు.

1970లు దాటాక మా దిక్కు నుంచి దుబాయ్ ప్రయాణాలు మొదలయ్యాయి. పొలం ఉన్నవాళ్లు, లేనివాళ్లు, ఇంటికొకరు బొంబాయి బస్సు ఎక్కేవాళ్లు. తాతకు క్షణం తీరిక లేదు. సరిగ్గా అప్పుడే ఆయన మోకాళ్లు మొండికేశాయి. గద్దె దిగడమే గగనం. అయినా మనుషులు వచ్చి రేపు జర ఎదురు రావాలె తాతా అంటే, రానని అనలేడు. కొద్ది రోజులు ఎట్లా నెట్టుకొచ్చాడో తెలియదు. ఒక చలికాలం నుంచి తెల్లవారుజామున నిలువెల్లా గొంగడి కప్పుకొని, రుమాలు ముఖం మీదికి లాక్కొని, మెల్లగా కుంటుకుంటూ రావడం మొదలుపెట్టాడు. ముసలాయన, చలి, ఎవరూ ఏమీ అనుకోలేదు. దగ్గు మాత్రం పాతదే. గొంగడి చలికాలం దాటి ఎండాకాలంలోనూ రావడం మొదలైంది. ముసలాయన, చలి ఎక్కువ అనుకున్నారు.

ఆ గొంగడి మొదటిసారి వచ్చింది రాజయ్య దుబాయ్ పోయిన రోజు. రాజయ్య మా వెనకింటి లింగవ్వ కొడుకు. లింగవ్వ భర్త తాతకు తమ్ముడి వరస, రాజయ్య చిన్నగా ఉన్నప్పుడే చనిపోయాడు. కూలి చేసి, బీడీలు చుట్టి కొడుకును పెంచింది. తాతకు జొన్నరొట్టెలు చేసిపెట్టేది కూడా ఆమే. ఊళ్లో ఎవరు బయలుదేరుతున్నారని తెలిసినా ఆమె ముందే పోయి తాత ఇంటి వెనక కొట్టంలో కూర్చునేది. తన ముఖం ఎవరికీ ఎదురు కాకూడదని. సొంత కొడుకు మొదటిసారి బొంబాయి పోతున్న రోజూ అంతే. ముందు రాత్రే వాడికి పెరుగన్నం పెట్టి, తెల్లారేసరికి ఇంట్లో లేదు. రాజయ్య అటూ ఇటూ చూసుకుంటూ బయలుదేరాడు. గొంగడి కప్పుకొని తాత ఎదురొచ్చాడు. రాజయ్య వంగి కాళ్లు మొక్కాడు. తాత చెయ్యి వాడి నెత్తి మీద చాలాసేపు ఉండిపోయింది. దగ్గు కూడా సరిగ్గా రాలేదు. పెద్దబాపుకు నా మీద ఎంత పాణమో అని రాజయ్య ప్రతి సెలవులోనూ చెప్పేవాడు.

తాత అంతకు ముందటేడు వానాకాలంలో పోయాడు. నిద్రలోనే. గద్దె మీద చాయ్ గిన్నె బోర్లించి ఉంది.

బాలలక్ష్మక్కా, కొమురయ్య బావా మంచిర్యాలలో చిన్న ఇల్లు కట్టుకుంటున్నారు. బాయిలో మనుషులను తగ్గిస్తున్నారని బావ ముందే మానుకున్నాడు. కాబట్టి ఇక్కడి ఇల్లు అమ్మక తప్పదు. కొనడానికి ఇద్దరు వచ్చారు. ఒకరు మా ఊరి కొండల్‌రావు సారు. ఎరువుల దుకాణం ఉంది, ఈ ఇల్లు తీసేసి గోదాము కట్టాలని ఆయన ఆలోచన. ఇంకొకరు రాజయ్య. లింగవ్వ గుడిసె ప్రతి వానకూ కురుస్తుంది. అవ్వను పెంకుల కిందికి తేవాలని, అదీ పెద్దబాపు ఇంట్లోకే తేవాలని రాజయ్యకు ఎన్నాళ్లుగానో ఆశ. అక్క రాజయ్యకే మాటిచ్చింది. కానీ రాజయ్య సెలవు అయిపోయింది, మర్నాడే బొంబాయి బస్సు ఎక్కాలి. ఈ రోజు రిజిస్ట్రేషన్ కాకపోతే మళ్లీ సెలవుదాకా ఆగాలి. అన్నాళ్లు ఆగలేమని, ఇవాళ తప్పితే కొండల్‌రావు సారుకే ఇచ్చేస్తామని బావ ముందే చెప్పాడు. జగిత్యాల ఆఫీసులో కాగితాలు మధ్యాహ్నం లోపే తీసుకుంటారు. జీపు వచ్చి వాకిట్లో నిలబడింది. లింగవ్వ సంగతి అడగక్కర లేదు. తెల్లవారుజాము నుంచే కొట్టంలో తలుపు వేసుకొని కూర్చుంది. ఈ ఇల్లు రావాలని అందరికంటే ఎక్కువ కోరుకున్నది ఆమె, తన ముఖమే దాన్ని చెడగొడుతుందేమోనని భయపడ్డదీ ఆమే.

మా అవ్వ ఎదురు రావడానికి ఒప్పుకుంది. పట్టుచీర కట్టుకొని, ఇత్తడి బిందె తోమి, నీళ్లు నింపి మలుపు అవతల నిలబడింది. బాలలక్ష్మక్క గొంతు సవరించుకొని గడప దాటింది. అవ్వ మలుపు తిరిగింది. అంతా బాగుందనుకునే లోపల కొమురయ్య బావ తుమ్మాడు. ఆయనను చూస్తే జాలేసింది. ముక్కు గట్టిగా పట్టుకొని ఎర్రబడి నిలబడ్డాడు. సగం ఊరు ఆయన్నే చూసింది. లోపలికి పోయి, కూర్చొని, మంచినీళ్లు తాగారు.

రెండోసారి. అక్క గడప దాటింది. అవ్వ ఇంకా మలుపు అవతలే ఉంది. రాజ్‌దూత్ మోటారుసైకిలు చప్పుడు చేసుకుంటూ ముందుగా మలుపు తిరిగి అక్క ఎదురుగా వచ్చి ఆగింది. దాని మీద కొండల్‌రావు సారు. ఇల్లు కొనాలనుకునే రెండో మనిషే ఎదురొస్తే అది ఏ శకునమో బుచ్చవ్వకు కూడా అంతు పట్టలేదు. అక్క వెనక్కి తిరిగి లోపలికి పోయింది. సారు మాత్రం నిమ్మళంగా బండి స్టాండు వేసి, గద్దె మీద కూర్చొని రుమాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"నాకేం తొందర లేదు చెల్లే. ఇయ్యాల కాకుంటె రేపు. కాగితాలు నేనే రాపిస్త."

మంచి మాటే అన్నాడు, చెడ్డగా ఏమీ అనలేదు. కానీ రాజయ్య గోడకు ఆనుకొని కింద కూలబడ్డాడు. జీపు డ్రైవరు హారన్ కొట్టాడు. బావ అక్క దగ్గరికి పోయి, రెండుసార్లు ఆగిందంటే ఆ ఇల్లు రాజయ్యకు రాసిపెట్టి లేదేమో, ఎందుకు పంతం, సారుకే ఇచ్చేద్దాం అని మెల్లగా నచ్చజెప్పబోయాడు. అక్క వినలేదు. లోపలి అర్ర వైపు, తాత మంచం ఉండే మూల వైపు చూస్తూ కాసేపు నిలబడింది. తర్వాత బయటికొచ్చి అందరికీ వినపడేలా చెప్పింది.

"బాపు ఎదురు రాకుంటె నేను ఎల్ల. బాపంటె సచ్చిపోయినాయిన కాదు. ఆఖరి ఏండ్లల్ల గొంగడి కప్పుకొని వచ్చిన మనిషిని పిలువుండ్రి."

బుచ్చవ్వ అడిగింది, గొంగడిలో వచ్చింది అంతయ్య కాక ఇంకెవరని.

"లింగవ్వ చిన్నవ్వ."

అక్కే అంతా చెప్పింది. ఒకసారి పుట్టింటికి వచ్చి పడుకున్నప్పుడు తెల్లవారుజామున గల్లీలో బాపు దగ్గు వినిపించిందట. ఈ చలిలో ఎందుకు పోయాడోనని లేచి చూస్తే, బాపు మంచం మీదే ఉన్నాడు. కళ్లు తెరుచుకొని, దుప్పటి నోట్లో కుక్కుకొని నవ్వుతున్నాడు. మూతి మీద వేలు పెట్టి ఊరుకోమన్నాడు. బయట ఆయన గొంగడి, ఆయన రుమాలు, ఆయన కుంటు నడక, ఆయన దగ్గు, అన్నీ ఎవరికో ఎదురు పోతున్నాయి. కాసేపటికి గొంగడి వెనక దర్వాజ నుంచి లోపలికొచ్చింది. తీస్తే లింగవ్వ.

మోకాళ్లు పనిచేయవు. అడిగినవాళ్లకు లేదనలేడు. అదొక్కటే కాదు. కొడుకు దుబాయ్ పోయే రోజు కొట్టంలో కూర్చుంటానని లింగవ్వ రొట్టెలు చేస్తూ అన్నదట. అప్పుడు తాత ఆమెతో అన్న మాట అక్క ఉన్నదున్నట్టు చెప్పింది.

"నా పెండ్లాం పోయినంక నా మొఖం మంచిదాయె. నీ మొగడు పోతె నీ మొఖం ఎట్ల పాడైతదే? దా, దగ్గుడు నేర్పిస్త."

ఆ వారమంతా కొట్టంలో దగ్గు నేర్చుకుందట లింగవ్వ. మొదట్లో కోడిపిల్ల తుమ్మినట్టు ఉండేదట. తాత మంచం మీంచి అది కాదు, కడుపులోంచి, బొగ్గు పొడి గొంతుకు అడ్డం పడ్డట్టు, అని దిద్దేవాడట. తాను బతికి ఉన్నన్నాళ్లు ఎవరికీ చెప్పొద్దనీ, ఆ తర్వాత అవసరం పడితే నీ ఇష్టమనీ కూతురికి చెప్పాడట.

ముందు నవ్వింది మా అవ్వ. బిందెలో నీళ్లు కూడా తొణికాయి. మిగతావాళ్లు మాత్రం బుచ్చవ్వ వైపు చూశారు. ఏం తీర్పు చెబుతుందోనని. బుచ్చవ్వ వేళ్లు ముడుస్తూ ఏదో ఆలోచించుకుంటోంది. ఆమె చిన్నకొడుకు మస్కట్ పోయింది కూడా గొంగడి వచ్చిన రోజుల్లోనే. ఊళ్లో అందరికంటే బాగా స్థిరపడింది వాడే. చివరికి ముక్కుపుడక సర్దుకొని, అయితే పిలవండి, ఇంకా చూస్తారేమిటి, జీపు ఆగుతుందా అన్నది.

రాజయ్య అప్పటికే కొట్టం తలుపు దగ్గర ఉన్నాడు. నేనూ వెనకే పోయాను. తలుపు కొట్టి, అవ్వా అని పిలిచి, సందుకు నోరు ఆనించి అడిగాడు.

"గా దినం నా నెత్తి మీద చెయ్యి నీదేనా?"

లోపలి నుంచి జవాబు వచ్చింది.

"నాకేం ఎరుక. మీ పెద్దబాపు చెయ్యిమన్నడు, చేసిన."

తలుపు తెరిచి బయటికొచ్చింది. కొంగుతో ముఖం తుడుచుకొని, సంగతంతా అర్థం చేసుకొని, చేయాల్సిన పని ఉందని తెలియగానే లేచి నిలబడ్డ మనిషిలాగా అటూ ఇటూ చూసింది. గొంగడి ఏదీ అని అడిగింది.

"ఇయ్యాల గొంగడి వద్దు చిన్నవ్వ," అన్నది బాలలక్ష్మక్క. "నీ మొఖం కనవడాలె."

మా అవ్వ తన ఇత్తడి బిందెను లింగవ్వ నడుముకు ఎత్తింది. లింగవ్వ మలుపు అవతలికి పోయింది. అక్క లోపలికి పోయి, కూర్చొని, మంచినీళ్లు తాగింది. గొంతు సవరించుకొని గడప దాటింది. పట్టపగలు, ఎండలో, బొట్టు లేని ముఖంతో, పాత నీలిచీరలో లింగవ్వ మలుపు తిరిగి వచ్చింది. పాపం, అలవాటు కొద్దీ కుంటుతూనే వచ్చింది. మధ్యలో గుర్తొచ్చి మామూలుగా నడిచింది. దగ్గు మాత్రం ఆపుకోలేకపోయింది. ఆ దగ్గుకు బాలలక్ష్మక్క అక్కడే నిలబడి నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది, నవ్వుతూనే జీపెక్కింది. కొమురయ్య బావ జీపు ఊరు దాటేదాకా ముక్కు వదలలేదని డ్రైవరు తర్వాత చెప్పాడు.

కొండల్‌రావు సారు గద్దె మీంచి లేచి, తన భార్య నిర్మలాదేవి కూడా కరీంనగర్ ఆస్పత్రికి కాన్పుకు పోయినప్పుడు ఎదురొచ్చింది గొంగడేనని చెప్పి, గోదాముకు వేరే జాగా చూసుకుంటానన్నాడు. మా ఊళ్లో ఎవరి లెక్క ఎక్కడ తేలుతుందో చెప్పలేం.

పొద్దుగూకేసరికి జీపు తిరిగొచ్చింది. పని అయింది. రాజయ్య జగిత్యాల నుంచి లడ్డూలు తెచ్చాడు. మా అవ్వ చాయ్ పెట్టింది. అందరూ బలవంతం చేస్తే లింగవ్వ ఆ గద్దె మీద, తన ఇంటి గద్దె మీద, ఒక మూలకు ఒదిగి కూర్చుంది. అప్పుడు మొదలైంది అసలు విచారణ. ఎవరికి వాళ్లు వచ్చి, నేను పోయిన రోజు ఎదురొచ్చింది ఎవరు, నువ్వా తాతా అని అడగడం. లింగవ్వకు అన్నీ గుర్తున్నాయి. నోరు తెరవొద్దు కాబట్టి ఎవరికీ చెప్పని మాటలన్నీ ఆమె దగ్గర అట్లాగే ఉండిపోయాయి. ఒకామెకు రవిక తిరగేసి తొడుక్కుందని చెప్పింది. ఒకాయనకు సంచి అడుగున చిల్లి ఉండేదని చెప్పింది. కొన్న ఎద్దు కుంటిదైందని ఒకాయన నిలదీస్తే, ఆ రోజు నాకు జ్వరం, మీ తాతే కుంటుకుంటూ వచ్చాడు, ఆయన్ను అడుక్కో అన్నది. గల్లీ అంతా నవ్వులు. నేనూ ఆగలేక నా డిగ్రీ పరీక్షల సంగతి అడిగాను.

"రెండు కాళ్లకు రెండు తీర్ల చెప్పులేసుకున్నవ్ బిడ్డా. ఒకటి మీ బాపుది. చెప్దమంటె నోరు తెరవద్దాయె."

నిజమే. కరీంనగర్ బస్టాండులో దిగాక చూసుకున్నాను.

అందరూ వెళ్లిపోయి, మేమూ లేవబోతున్నప్పుడు రాజయ్య వచ్చి లింగవ్వ పక్కన కూర్చున్నాడు. మర్నాటి బొంబాయి ప్రయాణానికి సంచి సర్దుకోవడం అయిపోయింది. గ్లాసులో మిగిలిన చాయ్ తిప్పుతూ అడిగాడు.

"నాకేం చెప్దమనుకున్నవే అవ్వా, గా దినం?"

లింగవ్వ ఆలోచించాల్సిన పనే పడలేదు.

"బస్సుల కిటికి కాడ కూసోకు, సలి కొడ్తదని."

"కిటికి కాడనే కూసున్న. బొంబైల దిగేదాక ముక్కు కారుతనే ఉన్నది."

ఆమె వాడి నెత్తి మీద ఒక మొట్టికాయ వేసి, రేపటికి మఫ్లరు ఎక్కడ పెట్టుకున్నావు, తెచ్చి చూపించమన్నది.